అరువివ్వని కత్తి

'టక్' మన్న చప్పుడు వినగానే దుర్గాశ్రీ చేతిలో ఉన్న టీ గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టేసింది.

ఆ చప్పుడు ఆమెకి తెలుసు. మంచి ఉక్కు గట్టి కర్రకి తగిలి, ఉక్కే ఓడిపోయినప్పుడు వచ్చే చప్పుడది.

వరండా దాటి ల్యాబ్‌లోకి పరుగున వచ్చేసరికి మైక్రోటోమ్ ముందు పొడుగాటి అబ్బాయి ఒకడు నించుని ఉన్నాడు. చెట్టు ముక్కల్ని ఉల్లిపొర కన్నా పల్చటి సెక్షన్లుగా కోసే యంత్రం అది. దానికి బిగించిన కత్తి దుర్గాశ్రీది. కత్తి కింద ఉన్న తాటి ముక్క కూడా దుర్గాశ్రీదే. మధ్యలో దూరిన మనిషి మాత్రం ఎవరివాడో తెలియలేదు.

"ఎవరండీ మీరు?"

"ఉదయభాస్కర్ అండి. ఇవాళే చేరాను. కొబ్బరి ప్రాజెక్టు."

"కొబ్బరి ప్రాజెక్టు వాళ్ళకి తాటి దగ్గరేం పని?"

"అంటే... ముక్క బిగించి ఉంది, కత్తి రెడీగా ఉంది. ఒకసారి లాగి చూద్దామని..."

"లాగి చూద్దామని! రైల్లో చైననుకున్నారా?"

ఆమె కత్తి విప్పి కిటికీ వెలుతుర్లో పెట్టి చూసింది. అంచు మీద నువ్వుగింజలో సగం కూడా లేని గాటు. దాన్ని చూసి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెంటనే అవి కోపంగా మారాయి. దుర్గాశ్రీకి నీళ్ళ కన్నా కోపం బాగా అలవాటు.

"చిన్న గాటే కదండీ," అన్నాడు ఉదయ్, ఓదారుస్తున్నాననుకుని.

"చిన్నదా? నేను కోసే ప్రతి సెక్షన్ మీదా అది అడ్డంగా గీత గీస్తుంది. అయినా ఆ ముక్క ఇంకా ఉడకలేదు. కొలత కోసం బిగించానంతే. పచ్చి తాటిచేవ! దాన్ని చూసి రంపాలే దణ్ణం పెట్టి తప్పుకుంటాయి. మీరు కత్తి పెట్టి లాగేశారు!"

"పోనీ, గాటు తీసేదాకా ఇంకెవరి కత్తయినా వాడుకోండి."

ల్యాబ్‌లో ఉన్నవాళ్ళందరూ తలెత్తి చూశారు. తద్దినం భోజనాల దగ్గర పెళ్ళి కబుర్లెత్తినవాణ్ణి చూసినట్టు చూశారు.

ఆ ల్యాబ్‌లో గొడుగులు ఇచ్చిపుచ్చుకుంటారు. టిఫిన్ బాక్సులు పంచుకుంటారు. ఒకరి థీసిస్‌లో పేరాలు ఇంకొకరి థీసిస్‌లోకి నడిచి వెళ్ళినా పెద్దగా పట్టించుకోరు. కత్తి మాత్రం ఎవరిది వాళ్ళదే. సానపట్టే చెయ్యి ఒక్కొక్కరిది ఒక్కో తీరుగా వాలుతుంది, ఆ వాలు కత్తికి అలవాటవుతుంది, వేరే చేతిలోకి వెళితే మొరాయిస్తుంది. అందుకని అక్కడ కత్తి అడగరు. అడిగినా ఇవ్వరు.

గొడవ విని శివరామకృష్ణ గారు వచ్చారు. దుర్గాశ్రీకి గైడు ఆయనే, ఉదయ్‌కి బాసూ ఆయనే. సంగతంతా విని బీరువా తెరిచి, గుడ్డలో చుట్టిన కత్తి ఒకటి తీశారు. దాని నిండా తుప్పు.

"ఏమయ్యా ఉదయ్, ఇది ఎవరిదీ కాదు. ఇవాళ్టినుంచి నీది. దుర్గా, నీ కత్తి గాటు నువ్వు తీసుకో. ఇతనికి సానపట్టడం నేర్పు."

"నేనా సార్?"

"మరి నేనా? నాకు షుగరమ్మా, నించోలేను."

* * *

ఆగస్టు వానలు మొదలయ్యాయి. ల్యాబ్ కిటికీలోంచి చూస్తే గోదారి ఎర్రగా, రైలు వంతెన కాళ్ళు పట్టుకుని పాకుతున్నట్టుగా పోతోంది. ధవళేశ్వరం దగ్గర హెచ్చరిక ఎగరేశారు. ల్యాబ్‌లో మాత్రం దుర్గాశ్రీ హెచ్చరికలు ఎప్పుడూ ఎగురుతూనే ఉన్నాయి.

"అలా రుద్దకండి. అది అట్లపెనం కాదు."

"మరెలా అండి?"

"అంచు ముందుండాలి. మూల నుంచి మూలకి, ఒకే బరువు. చప్పుడు వినండి. గరగర అంటే ఇంకా ఉంది, స్ స్ స్ అంటే అయిపోతోందన్నమాట."

"మీరు నన్ను తిట్టేటప్పుడు కూడా ముందు గరగరే వస్తుందండి. స్ స్ స్ ఎప్పుడొస్తుందో."

"రాదు."

కత్తి వెనక తొడిగే ఉక్కు తొడుగుని వాళ్ళు వెన్ను అంటారు. సానరాయి మీద కత్తి ఎంత వాలి ఉండాలో ఆ వెన్నే నిర్ణయిస్తుంది. పైకి అన్ని వెన్నులూ ఒకలాగే ఉంటాయి, అంకె అడుగున చెక్కి ఉంటుంది. ఒకదాని బదులు ఇంకొకటి తొడిగితే మాత్రం, ఎంత రుద్దినా అంచు పాడవడమే గాని పదునెక్కదు. అందుకే దుర్గాశ్రీ తన వెన్ను మీద ఎర్ర నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టుకుంది.

"బొట్టు పెట్టారా?" అన్నాడు ఉదయ్.

"దిష్టిచుక్క. మీలాంటివాళ్ళొస్తారని."

అతని పని వేరు. కొబ్బరిచిప్పని, మట్టని ఆసిడ్లలో వేసి కాచి, కణాల్ని ఒకదాన్నుంచి ఒకటి ఊడదీసి విడివిడిగా చూడడం. ఆమెది అలా కాదు. ఊడకుండా, చెదరకుండా, చెట్టులో ఎలా ఉన్నాయో అలాగే కోసి చూడాలి.

"మీది కాపురాలు విడగొట్టే పని," అంది దుర్గాశ్రీ.

"మీది నిలబెట్టే పని. మన ఇద్దరిలో ఎవరికి పెళ్ళి సంబంధాలు బాగా వస్తాయో చూద్దాం."

ఆమె నవ్వలేదు. కానీ ఆ సాయంత్రం వానలో బస్సు కోసం నించున్నప్పుడు కారణం లేకుండా నవ్వింది. పక్కావిడ తననే అనుకుని కొంగు సర్దుకుంది.

చివరికి ఒకనాడు తుప్పు కత్తి మెరిసింది. దానికో పరీక్ష ఉంది. వేలాడదీసిన వెంట్రుకని కత్తి అంచుకి ఆనించాలి. లాగకుండా, నొక్కకుండా, ఆనించగానే తెగిపోవాలి.

"నాది క్రాపండి, వేలాడదు," అన్నాడు ఉదయ్ తల తడుముకుంటూ. "మీది ఒక్కటిస్తారా?"

దుర్గాశ్రీ అతన్ని ఒకసారి చూసి, జడ చివర నుంచి ఒకటి లాగి ఇచ్చింది. వెంట్రుక అంచుకి ఆనింది. తెగి, ఫ్యాన్ గాలికి ఎటో ఎగిరిపోయింది.

ఆమె మొదటిసారి "బాగుంది" అంది.

ఉదయ్ ఆ కత్తి తుడిచి పెట్టెలో పెట్టేశాడు. తర్వాత ఎన్నడూ దానితో ఏమీ కోయలేదు. బాగుందన్న కత్తిని ఎవరన్నా పాడుచేసుకుంటారా!

* * *

దుర్గాశ్రీ తాటి ముక్క వెనక ఒక కథ ఉంది.

ద్రాక్షారామం దగ్గర వాళ్ళ చేను గట్టు మీద ఒక తాడి ఉండేది. ఊళ్ళో కొబ్బరిచెట్లు పడుకున్న తుఫానుల్లో కూడా అది నించుంది. చివరికి పిడుగు పడి తల మాడిపోయింది గాని మొండెం ఒరగలేదు. దూలాలకని కోయబోతే రంపం పళ్ళు పోయాయి. వాళ్ళ నాన్న భీమరాజు గారు ఆ మొండెం మీద చెయ్యేసి, "దీన్ని లొంగదీసేవాడు ఈ తాలూకాలో లేడు," అన్నారు గర్వంగా, సొంత కొడుకు గురించి చెబుతున్నట్టు.

"నేను లొంగదీస్తాను నాన్నా," అంది దుర్గాశ్రీ. "ముక్కలు చెయ్యకుండా. పొరలా తీసి లోపల ఏముందో చూపిస్తాను."

ఆయన నవ్వారు. ఆ నవ్వు ఆమె రాజమండ్రి దాకా మోసుకొచ్చింది.

తాటిచేవలో ఇనుపతీగల్లాంటి నారలు, వాటి మధ్య మెత్తటి గుజ్జు. కత్తి నారకి తగిలితే ఆగుతుంది, గుజ్జుకి తగిలితే చించేస్తుంది. ముందు ముక్కని ఉడికించాలి. లోపలి గాలంతా పోయి నీళ్ళలో మునిగేదాకా ఉడికించి, ఆపైన గ్లిజరిన్‌లో నానబెట్టాలి. గిన్నెలో ఉడికిస్తే దుర్గాశ్రీ ముక్క మునగలేదు, తేలుతూనే ఉంది. అప్పుడు ఆమె ఇంటికెళ్ళి కుక్కర్ ఎత్తుకొచ్చింది.

వాళ్ళమ్మ చిన్నమ్మాయి గారి ఫోన్లు అప్పట్నుంచే మొదలయ్యాయి.

"నా కుక్కరేదే?"

"ల్యాబ్‌లో ఉందమ్మా."

"అక్కడేం వండుకుంటున్నావే?"

"తాటి దూలం."

"కూరా, వేపుడా?"

స్పీకర్లో విన్న ఉదయ్ నవ్వాపుకోలేక బల్ల కింద పడిన పెన్ను వెతుక్కునే నెపంతో వంగాడు. పెన్ను అతని జేబులోనే ఉంది.

ఈలోగా శివరామకృష్ణ గారు ఒక మాట చెప్పారు. "చూడు దుర్గా, చాలా కాలం చూశాను. సోమవారం ఈ ముక్కల్ని బెంగుళూరు పంపించేస్తాను. వాళ్ళ దగ్గర కొత్త మిషనుంది. వాళ్ళు కోస్తారు, నువ్వు ఫొటోలు తీసుకో. తప్పేముంది?"

తప్పేం లేదు. లోకమంతా అలాగే చేస్తుంది. వండింది ఒకరు, వడ్డించేది ఒకరు, దండ పడేది ఇంకొకరి మెడలో. కానీ దుర్గాశ్రీకి మనసొప్పలేదు. మా తాడిని బెంగుళూరు లొంగదీస్తుందా?

"సోమవారం లోపల నేనే కోస్తాను సార్."

ముక్క మునిగింది. గ్లిజరిన్‌లో నానింది. గోరు గుచ్చితే ఇప్పుడు కొంచెం దిగుతోంది. గాటు తీసేసిన కత్తికి ఇంకోసారి పదును పెడితే చాలు. దుర్గాశ్రీ శుక్రవారమంతా సానరాయి దగ్గరే ఉంది.

* * *

శనివారం కోసింది. సెక్షన్ చిరిగింది.

మళ్ళీ కోసింది. నారలు ఊడి రాలాయి, గుజ్జు నలిగిపోయింది. చేత్తో పిండేసిన తేనెపట్టులా ఉంది. మళ్ళీ సానపట్టింది, మళ్ళీ చిరిగింది. జడలోంచి వెంట్రుక లాగి ఆనించి చూసింది. వెంట్రుక తెగలేదు, వంగింది.

తన చెయ్యే పాడైందనుకుంది. అంతకన్నా అవమానం ఇంకేముంటుంది? అప్పుడు అనుమానమొచ్చి వెన్ను తీసి చూసింది. ఎర్ర చుక్క లేదు. అడుగున చెక్కిన అంకె కూడా తనది కాదు.

గబగబా వెళ్ళి ఉదయ్ పెట్టె తెరిచింది. అతని కత్తికి ఉన్న వెన్ను మీద తన అంకె ఉంది. చుక్క మాత్రం లేదు.

అప్పుడే రెండు రోజ్ మిల్క్ గ్లాసులతో ఉదయ్ లోపలికి వచ్చాడు.

"నా కత్తి ముట్టుకున్నారా?"

"ఆఁ... మొన్న వానకి కిటికీలోంచి జల్లు కొట్టిందండి. మీరు లేరు. తుప్పు పడుతుందేమోనని రెండూ విప్పి, ఎసిటోన్‌తో తుడిచి, నూనె రాసి పెట్టాను. చెబితే ముట్టుకోనివ్వరని చెప్పలేదు."

"వెన్నులు మార్చేశారు."

"లేదే, దేని వెన్ను దానికే..."

"చుక్కేది?"

అతను చూశాడు. మొహం పాలిపోయింది. "దూదికి ఎరుపంటింది. తుప్పనుకున్నాను. ఎసిటోన్‌కి మీ రంగు కరిగిపోయిందన్నమాట."

"అనుకున్నారా, కావాలని చేశారా? మొదటి రోజు అందరి ముందూ తిట్టానని దాచుకున్నారా ఇన్నాళ్ళూ? బెంగుళూరు పోతే నా పొగరణుగుతుందని?"

ఉదయ్ గ్లాసులు బల్ల మీద పెట్టాడు. అతనికీ పొగరుంది. ఇన్నాళ్ళూ అది నవ్వు వెనక దాక్కుంది.

"తప్పు చేస్తాను దుర్గాశ్రీ గారూ. ఈ చేతులు చాలా తప్పులు చేశాయి. దొంగదెబ్బ మాత్రం తీయవు. తుని దగ్గర మా ఊళ్ళో ఎవర్నైనా అడగండి."

వెళ్ళిపోయాడు. వానలోకే వెళ్ళాడు, గొడుగు తలుపు పక్కనే ఉండిపోయింది.

దుర్గాశ్రీ పాడైన కత్తినీ గొడుగునూ మార్చి మార్చి చూస్తూ కూర్చుంది. ఆ అంచు మళ్ళీ రావాలంటే ఒక్కరోజులో కాదు. కిటికీ పక్క గోడకి జల్లు మరక ఇంకా ఆరలేదు. అతను చెప్పింది నిజమే. కావాలని చెయ్యలేదని ఆమెకి ముందే తెలుసు. తెలిసీ ఎందుకన్నట్టు? ఓడిపోతున్నవాళ్ళకి తిట్టడానికి దగ్గరివాళ్ళే దొరుకుతారు మరి.

* * *

ఆదివారం ల్యాబ్‌లో ఎవరూ ఉండరు. దుర్గాశ్రీ తన ముక్కల్ని బెంగుళూరు పెట్టెలో సర్దడానికి వచ్చింది.

ఉదయ్ అప్పటికే ఉన్నాడు. ఆమె బల్ల మీద తన కత్తి పెట్టె పెట్టి, మూత తీసి నించున్నాడు.

"ఏంటిది?"

"కత్తండి."

"కనబడుతోంది."

"వెన్నులు మారాక దీన్ని నేను సానపెట్టలేదు. అంచు ఆవేళ్టిదే. మీరు బాగుందన్నదే."

ఆమె కత్తి తీసి అంచుని కిటికీ వెలుతుర్లో చూసింది. "మీకు అర్థమవుతోందా? ఆ చేవ మీద పెడితే కాసిని కోతలకే ఇది మొద్దుబారిపోతుంది."

"తెలుసండి."

"ఇన్ని వారాలు పడ్డ కష్టం పోతుంది."

"మళ్ళీ సానపడతాను. నేర్పినావిడ గట్టి మనిషి. అప్పుడప్పుడూ అనకూడని మాటలంటారు గాని."

"అన్నాను," అంది దుర్గాశ్రీ. ఆమె నోటి వెంట క్షమించమన్న మాట సులువుగా రాదు. "అనకుండా ఉండాల్సింది. నిన్న మీరు తడిసి వెళ్ళాక... గొడుగు చూసి నాకు అన్నం దిగలేదు."

"స్ స్ స్," అన్నాడు ఉదయ్ మెల్లగా. "వచ్చేసిందండోయ్."

ఆమె తల తిప్పుకుని కత్తి బిగించింది.

ముక్కని స్పిరిట్‌తో తడిపింది. కత్తిని ఏటవాలుగా పెట్టింది. ఊపిరి బిగబట్టి, ఒకే బరువుతో, తొందర లేకుండా లాగింది. వేరే చేతిలో మొరాయించాల్సిన కత్తి మొరాయించలేదు. ఆమె నేర్పిన చెయ్యే కదా దాన్ని సానపట్టింది! అందులో ఉన్నది ఆమె వాలే.

అంచు మీదికి పల్చటి పొర ఒకటి లేచింది. చుట్టుకోబోయింది. ఉదయ్ కుంచె తడిపి అందించాడు. ఆమె దాన్ని సాపుచేసి నీళ్ళలోకి వదిలింది. చెదరలేదు. ఒక్క నార ఊడలేదు. కొన్ని మంచి పొరలొచ్చాక చేతికి కత్తి బరువుగా తగిలింది. అంచు పోయింది. పోతే పోయింది.

ఎర్రరంగు వేసి, కడిగి, స్లైడ్ మీద పెట్టి ఆమె చూసింది. చాలాసేపు చూసింది. తుఫానులకి వంగని ఆ తాడి లోపలంతా గట్టి నారలు కెంపుల్లా మెరుస్తున్నాయి. గాలికి ఎదురు నిలిచింది ఇవన్నమాట. ఆమె ఛాతీ ఉప్పొంగింది. లేచి అతనికి చోటిచ్చింది.

ఉదయ్ కన్ను పెట్టి, "అమ్మో," అన్నాడు. "ఒక్కో నారకీ రెండు కళ్ళు, పైన టోపీ. ఒకటే మొహం, ఎక్కడ చూసినా. అన్నీ నన్నే చూస్తున్నాయి."

"తాటి అంతే."

"తాటి సంగతి నాకెందుకండి. నేను చెబుతున్నది నా సంగతి. ఈ మధ్య ఎక్కడ చూసినా ఒకటే మొహం కనబడుతోంది."

దుర్గాశ్రీ ఇంకో స్లైడ్ తీసింది. తుడిచినదాన్నే మళ్ళీ తుడిచింది.

* * *

సోమవారం శివరామకృష్ణ గారు వచ్చేసరికి బెంగుళూరు పెట్టె ఖాళీగా ఉంది, మైక్రోస్కోపు ముందు చిన్నమ్మాయి గారు కూర్చుని ఉన్నారు. కుక్కర్ కోసం తెల్లారి బస్సుకే దిగారావిడ. ఒక కన్ను గట్టిగా మూసుకుని, రెండో కన్ను గొట్టానికి ఆనించి, "ఇదా మన తాడి? పట్టుచీరకి బుటాలేసినట్టుందే!" అంటున్నారు.

శివరామకృష్ణ గారు ఇంకో స్లైడ్ తీసి కిటికీకేసి ఎత్తి చూశారు. మైక్రోస్కోపు అక్కర్లేకుండానే ఆయనకి తెలిసిపోయింది.

"ఇది మన మిషన్ మీదేనా?"

"మన మిషన్ మీదే సార్. నేనే కోశాను."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "బెంగుళూరు వాళ్ళకి ఫోన్ చేసి అక్కర్లేదని చెబుతాను. నేనే చెబుతాను, నాకు సరదాగా ఉంటుంది." ఆగారు. "కానీ నీ కత్తి పాడైందన్నారే. దేంతో కోశావు?"

"ఉదయ్ గారి కత్తితో."

ల్యాబ్‌లో అందరి చేతులూ ఆగిపోయాయి.

"అరువిచ్చాడా? నా సర్వీసులో ఇక్కడ ఒకరి కత్తి ఒకరు వాడడం చూళ్ళేదమ్మా. ఇప్పుడు ఈ పని ఎవరిదనాలి? చెయ్యి నీది, కత్తి అతనిది. తుని అబ్బాయి చేరగానే తుని తగవు తెచ్చిపెట్టాడు."

"అరువు కాదు సార్," అంది దుర్గాశ్రీ. తల దించలేదు. "ఒక ఇంట్లో కత్తిపీట ఒకటే ఉంటుంది కదా సార్."

ఉదయ్ చేతిలో గాజుగిన్నె జారింది. పట్టుకోబోయి ఇంకోటి కూడా పడేశాడు.

చిన్నమ్మాయి గారు మూసుకున్న కన్ను కూడా తెరిచారు. కూతుర్ని చూశారు. గాజుపెంకులు ఏరుతున్న అబ్బాయిని చూశారు.

"ఏం బాబూ, మా పిల్ల అన్న మాట విన్నావా?"

"విన్నానండి."

"కోపం ఎక్కువ దానికి."

"తెలుసండి. రోజూ తిట్లు తింటున్నాను."

"పప్పు వండడం రాదు."

"నాకొచ్చండి."

ఆవిడ ఇంకేం అడగలేదు. ఫోన్ తీసి నంబరు నొక్కి, ల్యాబంతా వినబడేలా, "ఏవండీ! మన తాడి లొంగిందండీ," అన్నారు. "ఆఁ, పొరలా తీసింది. నా కళ్ళతో చూశాను... ఇంకోటి కూడా చెప్పాలి. మీ అమ్మాయి కూడా లొంగింది."

"నేనేం లొంగలేదమ్మా!"

చిన్నమ్మాయి గారు స్పీకర్ నొక్కారు. అవతల భీమరాజు గారి గొంతు స్పష్టంగా వినిపించింది. "ముందు ఆ స్లైడ్ తీసుకురమ్మను. దాంతోపాటు ఆ అబ్బాయినీ తీసుకురమ్మను. రెండూ చూస్తాను."

వెళ్ళేటప్పుడు చిన్నమ్మాయి గారు కుక్కర్ మూత తీసి వాసన చూసి మళ్ళీ పెట్టేశారు.

"ఇది మీకే ఉంచుకోండర్రా. కొత్త కాపురానికి కుక్కర్ పెట్టాలి కదా ఎలాగూ. పప్పు మాత్రం ఇందులో వండకండి."

అందరూ పనుల్లో పడ్డాక ఉదయ్ తన మొద్దు కత్తి తీసుకుని సానరాయి ముందు నించున్నాడు. దుర్గాశ్రీ వచ్చి పక్కన నించుంది. తన పెట్టెలోంచి కత్తి తీసి, దాని వెన్ను దానికే తొడిగి, కొత్తగా పెట్టిన ఎర్ర చుక్క అతనికి కనబడేలా తిప్పి, ముందుకు చాపింది.

"దీనికి కూడా పదును పెట్టండి."

అతను వెంటనే అందుకోలేదు. "గాటు పడితే?"

"పడితే మీరే తీస్తారు," అంది దుర్గాశ్రీ. "ఎక్కడికి పోతారు కనక?"